గుర్రు డాక్టరు వినని ఈల

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేది ఇద్దరే. ఒకరు ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మ్యాన్, ఇంకొకరు కరెంటు మీటరు చూసుకునే మనిషి. మిగతా అందరికీ ఆయన గుర్రు డాక్టరు. పాత వాల్వు రేడియో ఏళ్ల తరబడి మూలనపడి ఉండి, మళ్లీ కరెంటు చూసిందంటే, ముందుగా పలికేది పాటా కాదు, మాటా కాదు. లోపల్నుంచి బొంగురుగా ఒక గుర్రు వస్తుంది, కడుపునిండా తిని పడుకున్న మనిషి గురకలాగా. లోపలి కండెన్సర్లు ఎండిపోతే పట్టే జబ్బు అది. ఆ గుర్రు ఒక్క నిమిషం విని, వెనక అట్ట విప్పకుండానే ఏ కండెన్సరు పోయిందో చెప్పేవాడాయన. "మా ఆయన గురకకి కూడా మందుంటే చూడండి డాక్టరుగారూ" అని వీధి ఆడవాళ్లు వేళాకోళం చేస్తే, "తెచ్చి బల్లమీద పెట్టండమ్మా, వెనక అట్ట విప్పి చూద్దాం" అనేవాడు.

ఇంటి ముందుగదే ఆయన షాపు. కిటికీ కింద పొడుగాటి బల్ల, బల్ల మీద గోడకి ఒక చెక్క, ఆ చెక్కకి బిగించిన బల్బు. ఏ పాత రేడియోనీ ఆయన నేరుగా కరెంటుకి తగిలించేవాడు కాదు. ముందు ఆ బల్బు గుండా పంపించేవాడు. బల్బు భగ్గుమంటే లోపల ఎక్కడో తీగలు కలిసిపోయాయని అర్థం. ఎర్రగా మిణుకుమంటే పెట్టెలో ప్రాణం ఉన్నట్టే. అప్పుడాయన ముఖంలో కూడా అలాంటి వెలుగే కనిపించేది. పెట్టె చెక్కను పాలిష్ చేయడం, తెగిన డయలు తాడు మళ్లీ చక్రాల చుట్టూ తిప్పి కట్టడం, అరిగిపోయిన అంకెలు సన్నని కుంచెతో రాయడం అన్నీ తన చేత్తోనే. ఇంకొకరి చెయ్యి పడితే ఒప్పుకునేవాడు కాదు.

అంతకుముందు ముప్పై ఒక్క ఏళ్లు నూలు మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేశాడు. రేడియోలు అప్పుడు సెలవురోజు సరదా. ఆ మిల్లు మోతలో పక్కవాడితో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. ఆ మోత తన దగ్గర ఏమైనా తీసేసుకుందేమోనని ఆయనకెప్పుడూ అనుమానం రాలేదు. ఎందుకు వస్తుంది? గుర్రు చక్కగా వినపడుతూనే ఉండేది కదా.

ఇంట్లో నలుగురు. ఆయన, భార్య, కొడుకు, కోడలు. కొడుకు ఊరవతల మందుల ఫ్యాక్టరీలో పని, పొద్దున పోతే దీపాలు పెట్టేవేళకి వచ్చేవాడు. కోడలు మధ్యగదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధివాళ్లకి బట్టలు కుట్టేది. మామగారికీ కోడలికీ మధ్య మాటలు తక్కువ. "అమ్మాయ్, టీ" అని ఆయన, "తెస్తున్నా మామయ్యా" అని ఆమె. ఆరేళ్లలో అంతకు మించి పెద్దగా జరిగింది లేదు.

ఒకరోజు పొద్దున సంగీతం టీచరమ్మ వచ్చింది, బాగుచేయమని ఇచ్చిన రేడియో తీసుకుపోవడానికి. బడి నుంచి రిటైరైన మనిషి. ఎదుటివాళ్లని ఒక మాట అనాలంటే పది సార్లు ఆలోచించే రకం. అప్పటికే షాపు బెంచీ మీద ఇస్త్రీ అతనూ, పక్కింటి ఆయనా కూర్చుని ఉన్నారు. గుర్రు డాక్టరు రేడియో పెట్టాడు. వాల్వులు కాగి, పాట మొదలైంది. టీచరమ్మ తల కొంచెం పక్కకి వంచింది.

"డాక్టరుగారూ, పాట వెనకాల సన్నగా ఈల వస్తోందండీ."

"ఈలా? లేదే."

"వస్తోందండీ. బాగా పై స్థాయిలో."

ఆయన వంగి స్పీకరుకి చెవి ఆనించాడు. పాట తప్ప ఇంకేమీ లేదు. బెంచీ మీద ఇద్దరూ చూస్తున్నారు.

"టీచరమ్మా, గుర్రు డాక్టరని ఊరికే అనరు నన్ను. ఈల రేడియోలో లేదు. వయసు మీదపడితే చెవుల్లోనే ఈలలు మొదలవుతాయి. మీరొకసారి అసలు డాక్టరుకి చూపించుకోవాలి."

బెంచీ మీద నవ్వులు. టీచరమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది, తుడవాల్సిన అవసరం ఏమీ లేకపోయినా. "ఒక రెండ్రోజులు ఇక్కడే ఉండనివ్వండి. మళ్లీ వచ్చి వింటాను" అని వెళ్లిపోయింది. తర్వాత మిగతా ఇద్దరూ లేచారు. అప్పటిదాకా గుమ్మంలో టీ గ్లాసుల కోసం నిలబడి ఉన్న కోడలు, ఖాళీ గ్లాసులు తీసుకుంటూ, నేల చూస్తూ అంది.

"మామయ్యా, ఈల నిజంగానే వస్తోంది."

"నీకూనా?"

"ఇప్పుడు కూడా వస్తోంది."

ఆయన స్విచ్ తీసేశాడు. "ఇప్పుడు?"

"ఆగింది."

ఆమె లోపలికి వెళ్లాక ఆయన చేతి గడియారం విప్పి కుడి చెవికి పెట్టుకున్నాడు. చప్పుడు లేదు. ఎడమ చెవికి పెట్టుకున్నాడు. లేదు. ఆగిపోయిందేమోనని ఆశగా ఊపి చూశాడు. సెకన్ల ముల్లు మాత్రం తన దారిన తాను తిరుగుతూనే ఉంది. చాలాసేపు ఆ గడియారాన్ని అరచేతిలో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. లావుపాటి చప్పుళ్లు మిగిలాయి, సన్నవి ఎప్పుడో వెళ్లిపోయాయి. వెళ్తున్నామని ఒక్కటీ చెప్పి పోలేదు.

మర్నాడు కోడల్ని పిలిచాడు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. "అమ్మాయ్, నేను వెనకవైపు పని చూస్తూ ఉంటాను. ముందు కూర్చుని ఈల ఆగగానే చెయ్యి ఎత్తు. రెండు వైపులా ఒక్కడినే చూసుకోలేను" అన్నాడు. ఆమె ఎందుకని అడగలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. తీరా చూస్తే తప్పు ఆయనదే. ఒక వాల్వు మీద ఉండాల్సిన రేకు తొడుగుని శుభ్రం చేయడానికి తీసి, మళ్లీ తొడగడం మర్చిపోయాడు. అది స్క్రూల డబ్బా వెనకాల పడి ఉంది. తొడగగానే ఆమె చెయ్యి లేచింది.

టీచరమ్మ వచ్చి విన్నది. ఈల లేదు. "ఏం చేశారండీ?" అని అడిగింది.

తొడుగు సంగతి చెప్పేయొచ్చు. ఒక్క వాక్యం. కానీ ఆయన నోట్లోంచి వచ్చింది వేరే. "ఏం చేయలేదమ్మా. మొన్న కరెంటులో ఏదో తేడా ఉన్నట్టుంది."

"అయ్యో, అనవసరంగా మిమ్మల్ని అనుమానించాను. ఏమీ అనుకోకండి" అని ఆవిడ రెండు చేతులూ జోడించింది. కోడలు అక్కడే ఉంది. రేడియో పెట్టెకి గుడ్డ చుట్టి తాడు కడుతోంది. ఆమె తల ఎత్తలేదు. ఎత్తనందుకు ఆయనకి తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత రెండేళ్లు అదే ఏర్పాటు. ఆయన చేతులు, ఆమె చెవులు. చెవుల మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. కుట్టుమిషను చప్పుడుని బట్టి ఎక్కడ నూనె కావాలో పసిగట్టే చెవి ఆమెది, రేడియోల్లో లోపాలు పట్టుకోవడానికి ఎంతోకాలం పట్టలేదు. ఇద్దరి మధ్యా సైగలు పుట్టాయి. చూపుడువేలు ఎత్తితే ఈల. వేళ్లు ఆడిస్తే చిటపట. అరచెయ్యి బోర్లిస్తే, ఆగండి, వాల్వులు కాగనివ్వండి. పెన్సిలు వెనకభాగంతో ఒక్కో వాల్వునీ మెల్లగా తట్టి, గలగలమనేది ఏదో పట్టుకోవడం నేర్చుకుంది. అల్యూమినియం డబ్బాల లోపలి స్క్రూలను వెదురు పుల్లతో పావు చుట్టు తిప్పి స్టేషన్లను తేటగా రప్పించడం నేర్చుకుంది. ఇనుముది పెడితే స్టేషను పక్కకి జరిగిపోతుంది కాబట్టి ఆ పుల్లని ఆమె తనే చెక్కుకుంది. ఎవరైనా షాపులోకి వస్తే మాత్రం లేచి గుడ్డ తీసుకుని దుమ్ము తుడుస్తున్నట్టు నిలబడేది. అలా చేయమని ఆయన చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు.

అలాంటి రోజుల్లోనే ఊరి గ్రంథాలయం నుంచి ఒక పెద్ద పెట్టె వచ్చింది. ఒకప్పుడు గ్రంథాలయం పక్క పార్కులో కూర్చున్న జనమంతా వార్తలు విన్నది ఆ రేడియోలోనే. ఎనిమిది వాల్వులు, ఇద్దరు మోస్తే తప్ప కదలని బరువు. నలభై ఏళ్లుగా నోరెత్తలేదు. గ్రంథాలయంలో పాత వస్తువుల గది ఒకటి తెరుస్తున్నారట, ప్రారంభం రోజుకి ఇది పలకాలని లైబ్రేరియన్ కోరిక.

నాలుగు నెలలు పట్టింది. ఎలకలు కొరికిన తీగలన్నీ ఆయన మార్చాడు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ని విప్పి, చుట్లు లెక్కపెట్టి, మళ్లీ చుట్టాడు. గుర్రు పూర్తిగా పోయింది. పాట గదంతా నిండింది. "అయిపోయింది" అన్నాడాయన తృప్తిగా.

కోడలు వేళ్లు ఆడించింది.

"ఎక్కడ?"

"ఎప్పుడో ఒకసారి వస్తోంది మామయ్యా. పది నిమిషాలకోసారి, చిటుక్కుమని."

"ఎవరూ పట్టించుకోరులే."

"వినేవాళ్లకి వినపడుతుంది కదా" అంది. అని, అన్న మాట ఎటు పోయిందో తెలిసి నాలుక కరుచుకుంది.

పదకొండు రోజులు ఆమె ఆ చిటుకు వెంట పడింది. కుట్టాల్సిన బట్టలు మిషను పక్కన పేరుకుపోయాయి. పొడి కర్రపుల్ల ఒక్కో చోట ఆనించి, ఊపిరి బిగబట్టి వినేది. చివరికి ఒక అల్యూమినియం డబ్బా దగ్గర ఆగి, "ఇందులో" అంది. ఆయన నమ్మలేదు. విప్పి చూస్తే లోపల వెంట్రుకంత తీగ ఒకటి, పచ్చగా చిలుము పట్టి, తెగీ తెగనట్టు వేలాడుతోంది. ఆయన అతికించాడు. రెండు గంటలు రేడియో పెట్టి ఉంచారు. ఆమె వేళ్లు కదల్లేదు.

ప్రారంభం రోజు మధ్యాహ్నం గ్రంథాలయం హాలు నిండిపోయింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వేదిక మీద రేడియో పక్కన నిలబడ్డాడు. భార్యా, కోడలూ రెండో వరసలో. పెట్టె పలకగానే చప్పట్లు. పెద్దవయసువాళ్లు కొందరు కళ్లు తుడుచుకున్నారు. ముందు వరసలో పత్రిక విలేకరి లేచి అడిగాడు.

"ఇంత పాత రేడియోలో చిన్న చిటపట కూడా లేదు. ఎలా సాధించారండీ?"

"దీనికి మీటర్లు చాలవు బాబూ" అన్నాడాయన. "చెవి కావాలి. నా చెవే నా మీటరు."

మళ్లీ చప్పట్లు. ఆ చప్పట్లు తలకెక్కాయి.

"ఇంట్లో ఎవరైనా సాయం చేస్తారా?"

"మా కోడలుంది. స్క్రూడ్రైవరు అడిగితే పెన్సిలు అందిస్తుంది" అన్నాడు. హాలు నవ్వింది. ఆ నవ్వు బాగుందనిపించి ఇంకో మాట కలిపాడు. "దుమ్ము దులపడంలో మాత్రం ఆమెకి సాటి లేదు లెండి."

ఇంకా పెద్ద నవ్వు. కోడలు కూడా నవ్వింది, ఒడిలో ఉన్న సంచీ పిడి సరిచేసుకుంటూ. భార్య నవ్వలేదు.

అప్పుడు వెనక వరసల్లో ఎవరో లేచారు. సన్నటి గొంతు ఆడమనిషి. పెదాలు కదులుతున్నాయి. ప్రశ్న అని తెలుస్తోంది. ఏమిటన్నది ఒక్క ముక్క అందలేదు. ఆమె అడగడం ముగించి కూర్చుంది. హాలంతా ఆయన వంక చూస్తోంది. ఏం చేయాలో తోచక, రెండేళ్ల అలవాటు కొద్దీ, ఆయన కళ్లు తిన్నగా కోడలి వైపు పోయాయి.

ఆమె ఆయన్నే చూస్తోంది. చెయ్యి ఒడిలోనే ఉంది. ఒక క్షణం గడిచింది. ఆ తర్వాత మెల్లగా, పక్కవాళ్లకి తెలియకుండా, చెయ్యి కాస్త ఎత్తి అరచెయ్యి బోర్లించింది.

పెట్టగానే ఎందుకు పలకదు, ఇంతసేపు ఎందుకు ఆగాలి అని కాబోలు ఆ వెనకావిడ అడిగింది. "వాల్వులు దీపాల్లాంటివమ్మా" అని మొదలుపెట్టాడాయన. "లోపలి తీగ ఎర్రగా కాగితేగానీ పని మొదలవదు..." జవాబు చక్కగా వచ్చింది. శాలువా కప్పారు. శాలువా కింద ఒళ్లంతా చెమట.

ఇంటికి నడిచి వస్తున్నప్పుడు ఆయన ఇద్దరు ఆడవాళ్లకీ పదడుగులు ముందు నడిచాడు. వెనక్కి తిరిగి చూడటానికి మొహం చెల్లలేదు.

మర్నాడు పత్రికలో ఫోటో వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో, నా చెవే నా మీటరు. కింద వార్తలో దుమ్ము దులిపే కోడలి ముచ్చట కూడా వేశారు. కోడలు ఎప్పటిలాగే టీ తెచ్చి, పత్రిక మడిచి బల్ల చివర పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆరోజు పనిలో ఉన్న రేడియో పెట్టి చూపుడువేలు ఎత్తింది. ముఖంలో ఏ తేడా లేదు. కోపం చూపించి ఉంటే ఆయనకి కాస్త సులువయ్యేది. ఆమె సైగ చేసిన ప్రతిసారీ ఆయన ఆ వేలిని చూసేవాడు తప్ప ముఖాన్ని చూడలేకపోయాడు.

మూడో రోజు భార్య పత్రిక తెచ్చి ఎదురుగా కూర్చుంది.

"చదివి వినిపించనా? మీకు వినపడేంత గట్టిగా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "నీకు తెలుసా?"

"నాకే కాదు, మీ కొడుక్కీ తెలుసు. కుక్కరు ఈలలు మీరు లెక్కపెట్టడం మానేసి ఎనిమిదేళ్లయింది. ఇంట్లో అందరం గొంతు పెంచి మాట్లాడుతుంటే, మా గొంతులే అంత అనుకున్నారా?" ఆమె పత్రిక మడిచింది. "మిమ్మల్ని నొప్పించడం ఎందుకని ఊరుకున్నాం. వినపడకపోవడం తప్పు కాదండీ. ఆ పిల్లని పదిమందిలో నవ్వులపాలు చేసి, మళ్లీ ఆ పిల్ల చెయ్యే పట్టుకుని గట్టెక్కారు చూడండి, అది నాకు మింగుడు పడలేదు."

తను దాచుకున్నాననుకున్నది ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసి, తనకోసం వాళ్లంతా దాచిపెట్టారు. దొంగతనం చేసినవాడికి ఇంటివాళ్లే దీపం పట్టినట్టుంది వ్యవహారం.

చొక్కా వేసుకుని గ్రంథాలయానికి వెళ్లాడు. రేడియో పక్కన గోడకి చిన్న పలక బిగించారు, పునరుద్ధరించినవారు అంటూ ఆయన పేరు. లైబ్రేరియన్ని వెతికి పట్టుకున్నాడు. అతను పేపర్లు చదువుకునే గదిలో బల్ల దగ్గర ఉన్నాడు.

"ఆ పలక మార్చాలి బాబూ. మా కోడలి పేరు వేయాలి."

"సహాయకురాలు అని వేద్దామా?"

"కాదు. చివరి లోపం పట్టుకున్నది ఆవిడే."

లైబ్రేరియన్ ఏదో మెల్లగా అడిగాడు. ఆయనకి అందలేదు. అతను మళ్లీ అడిగాడు. ఈసారీ అందలేదు. అప్పుడాయన అనేశాడు. "నాకు చెవులు సరిగ్గా వినపడవు."

తన గొంతు ఎంత పైకి లేచిందో ఆయనకి తెలియలేదు. పేపర్లన్నీ ఒక్కసారి కిందికి దిగాయి. వాటి వెనక ఇస్త్రీ అతను ఉన్నాడు. తనతో మిల్లులో పనిచేసిన ఇద్దరు ఉన్నారు. చెవులు, మెడ, ముఖం వేడెక్కిపోయాయి. అయినా నిలబడి, కోడలి పేరు అక్షరం అక్షరం చెప్పి రాయించి వచ్చాడు.

ఇంటికొచ్చి మధ్యగది గుమ్మంలో నిలబడ్డాడు. కోడలు మిషను దగ్గర ఉంది.

"అమ్మా, పలక మీద నీ పేరు వేయమని చెప్పొచ్చాను. నా చెవుల సంగతి కూడా చెప్పేశాను."

ఆమె మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. సంతోషిస్తుందనుకున్నాడు.

"నన్నొక మాట అడగొచ్చు కదా మామయ్యా" అంది, ఆయనకి వినపడేంత గట్టిగా. "పలక మీద ఉంటే ఏం, లేకపోతే ఏం? ఆరోజు హాల్లో మీరు ఆ మాటలు అనకుండా ఉంటే చాలు కదా. ఇప్పుడు షాపుకి ఎవరైనా పెట్టె తెస్తారా?"

"తేకపోతే తేకపోనీ. నీతో అలా మాట్లాడి ఉండాల్సింది కాదు నేను. తప్పు నాది."

ఆమె సూది కింద ఉన్న గుడ్డని వేళ్లతో సాపు చేస్తూ కూర్చుంది.

"మీకొకటి చెప్పాలి" అంది చివరికి. "ఆరోజు ప్రశ్న వినపడక మీరు నా వైపు చూశారు. నాకు వినపడింది. ఏం చేయాలో తెలుసు. అయినా చెయ్యి ఎత్తబుద్ధి కాలేదు. నిలబడనీ, అందరూ చూడనీ అనిపించింది. ఒక్క క్షణమే. కానీ అనిపించింది. అప్పట్నుంచీ మీ ఎదురుగా కూర్చున్నప్పుడల్లా నాకు సిగ్గేస్తోంది మామయ్యా."

ఆయన గుమ్మానికి చెయ్యి ఆనించాడు. ఆ క్షణం ఆయనకి గుర్తుంది. ఆమె ప్రశ్న అర్థం చేసుకోవడానికి తీసుకున్న వ్యవధి అనుకున్నాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనని పిల్ల. ఆమె మనసులో అలాంటి ఆలోచన పుట్టిందంటే, పుట్టించింది తనే. హాల్లో అన్న మాటలకంటే, టీచరమ్మతో ఆడిన అబద్ధంకంటే, ఇది ఆయన్ని ఎక్కువ కుంగదీసింది.

"నేనైతే చెయ్యి ఎత్తేవాణ్నే కాదు" అన్నాడు.

ఆమె తలెత్తి చూసింది. ఆయన చూపు తిప్పుకోలేదు. చివరికి ఆమె లేచి, "టీ పెడతాను" అంది.

షాపు గురించి ఆమె భయపడ్డది కొంత నిజమైంది. కొందరు రావడం మానేశారు. వీధిలో ఎవడో చెవిటి డాక్టరు అని కొత్త పేరు పెట్టాడు. అది కూడా ఆయనకి ఆలస్యంగా, భార్య చెప్తే తెలిసింది. కొడుకు ఆసుపత్రికి తీసుకెళ్లి చెవికి మిషను పెట్టించాడు. మనుషుల మాటలకి పనికొచ్చింది గానీ, దాంతో వింటే ప్రతి రేడియో మోతా డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుండేది. పనిలో కూర్చుంటే తీసి సొరుగులో పెట్టేవాడు. కోడలు కుట్టు తగ్గించి, పొద్దున పూట షాపులో కూర్చోవడం మొదలుపెట్టింది. దుమ్ముగుడ్డ పట్టుకుని నిలబడటం మానేసింది.

వాన అప్పుడే మొదలైన ఒకరోజు పొద్దున, ఎక్కడో దూరం నుంచి ఒకాయన పెట్టె మోసుకుని వచ్చాడు. పాత పత్రికలో ఫోటో చూసి వచ్చాడట. ముఖం గుర్తుపట్టి, రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరేనా అండీ? మా నాన్నగారి రేడియో. పాట వెనకాల ఏదో కూస్తోంది. మీ చెవిలో పడితే చాలు."

కోడలు పెరట్లో ఆరేసిన బట్టలు తీస్తోంది. ఔనని రేడియో అందుకుని, గుర్రు ఉందో లేదో చూసి, ఏదో ఒకటి చెప్పి పంపించొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంత జరిగాక కూడా వచ్చింది.

"నాకు వినపడదండీ" అన్నాడాయన. "వినే ఆవిడ లోపలున్నారు, వస్తారు. కూర్చోండి."

వచ్చినాయన తెల్లబోయి చేతులు వదిలేశాడు. ఒళ్లో పెట్టె పెట్టుకుని బెంచీ చివర కూర్చున్నాడు. గుర్రు డాక్టరు ముఖం వేడెక్కింది. స్క్రూల డబ్బా ముందుకు లాక్కుని, పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు వేరుచేస్తూ, కోడలు తల తుడుచుకుంటూ వచ్చేదాకా తలెత్తకుండా కూర్చున్నాడు.